చీల పదును

"ఆ మిషన్ నాకిస్తవా బిడ్డా?"

కిరణ్మయి తలెత్తి చూసింది. అరవై దాటిన మనిషి. మాసిన చొక్కా, జేబులో ఆకురాయి.

"అది అమ్మకానికి కాదండీ," అంది.

కొండాపూర్‌లో ఆమె పెట్టిన కట్టెల పొయ్యి హోటల్‌కు కట్టెలు చీల్చే ఆ మిషనే ప్రాణం. ఒక వైపు నుంచి మొద్దును తోస్తుంది. ఎదురుగా ఉన్న ఇనుప చీల దాన్ని రెండుగా చీలుస్తుంది. ఆ పొగ వాసన కోసమే సాఫ్ట్‌వేర్ వాళ్లు వరుస కట్టి నిలబడేవాళ్లు. అదే పొగ తమ అపార్ట్‌మెంట్లోకి వస్తే మాత్రం సొసైటీకి కంప్లైంట్ పెట్టేవాళ్లు.

"అయితే జర చీలకు పదును పెట్టనియ్యి. పైసలేం వద్దు."

ఆమె సరే అనేలోపే కూర్చుని అరగదీయడం మొదలుపెట్టాడు.

పేరు యాదయ్య అని, లింగంపల్లి నుంచి వస్తున్నాడని మిషన్ నడిపే కొమురమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

చీల అంచును బొటనవేలితో తడిమి చూసి, ఓపిగ్గా అరగంట అరగదీసేవాడు. వెళ్లేటప్పుడు కొమురమ్మకు రోజూ ఒకటే మాట.

"చెల్లె, మొద్దుకు ఎదురుంగ నిలబడకు, పక్కకుండు. చీల మొండిదైతే మొద్దు చీలదు, ఎగిరొస్తది."

చాయ్ ఇచ్చినా తాగేవాడు కాదు. అదే కిరణ్మయికి అనుమానం తెప్పించింది. ఈ కొండాపూర్‌లో ఊరికే ఎవరు పనిచేస్తారు?

పదో రోజు మళ్లీ అడిగాడు.

"మిషన్ ఇయ్యరాదు బిడ్డా?"

ఆమెకు ఒళ్లు మండింది.

"అందుకా ఈ సేవంతా? రేపట్నుంచి రాకండి!"

యాదయ్య ఆకురాయి జేబులో పెట్టుకుని లేచాడు.

"వారానికొకసారన్న పదును పెట్టియ్యి బిడ్డా," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

రెండు వారాలకు కొమురమ్మ గుర్తుచేసింది.

"మేడం, చీల మొండి పడ్డది."

"ఆదివారం ఆర్డర్లతో చస్తున్నాను కొమురమ్మా, రేపు చూద్దాంలే."

ఆ రేపు రానే లేదు. ఓ మధ్యాహ్నం తుమ్మ మొద్దు చీలకు అడ్డం తిరిగి ఎగిరింది. పక్కకు నిలబడింది కాబట్టి కొమురమ్మ బతికింది. చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర విరిగింది.

ఆ అరుపు కిరణ్మయి చెవుల్లోంచి పోలేదు. మర్నాడే మిషన్‌ను అమ్మేసింది. కొన్నవాడిది ఏ ఊరో కూడా అడగలేదు.

పది రోజులకు దవాఖానలో కట్టు మార్పించుకుంటూ కొమురమ్మ అంది, "ఆ అన్న మాట ఇన్నందుకే పానం దక్కింది మేడం. ఒక్కపారి పోయి చెప్పిరారాదు."

కొమురమ్మ చెప్పిన గుర్తులతో కిరణ్మయి సిగ్గుపడుతూనే బయల్దేరింది.

లింగంపల్లి స్టేషన్ వెనక మూతబడ్డ కట్టెల అడితి. పక్కనే ఒక గది. గుమ్మంలో ఓ యువకుడు, భుజం మీద నుంచి టవల్ వేలాడుతోంది.

"యాదయ్యగారు ఉన్నారాండీ? కొండాపూర్ హోటల్ నుంచి వచ్చాను."

"బాపు లేడు మేడం. మీ మిషన్‌ను ఎతకనీకి పోయిండు. బండి పటాన్‌చెరు దిక్కు పోయిందని మీ వాచ్‌మన్ చెప్పిండట. వారం సంది గదే పని."

"దానికోసం అంత పరేషాన్ ఎందుకండీ?"

"అది మాదే మేడం. ముక్కలు చెయ్యమని పాత ఇనుము కొనే తుక్కోనికిస్తే, వాడు రంగేసి అమ్ముకున్నడు. ఏడాది తిరిగితే మీ కాడ దొరికింది."

"ఆ ముక్క నాతో అనొచ్చు కదా!"

"చెప్తే మీరు భయపడి ఇంకొకరికి అమ్ముతరు, మళ్ల యాడ ఎతకాలె అన్నడు."

కిరణ్మయి తల దించుకుంది. సరిగ్గా అదే చేసింది తను.

"కూసోండి మేడం," అంటూ అతను ఎడమ చేత్తో కుర్చీ జరిపాడు. టవల్ జారింది.

కుడి చెయ్యి మోచేతి కింద లేదు.

ఆమె చూపు అక్కడే ఆగడం గమనించి, అతను మెల్లగా అన్నాడు.

"ఆ దినం మిషన్ నడిపింది బాపే మేడం… గిరాకి జోరుగుండె, చీల పదును రేపు పెడదాం తియ్ అన్నడు."