తండ్రి వివరాలు

“ఉన్నాడనే పెట్టండి సార్” అంది కామమ్మ.

సంజీవరావు లాప్‌టాప్ మీద చెయ్యి ఆపి ఆమె కూతురు సుప్రియ వంక చూశాడు. ఆయన విడవలూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. విదేశీ యూనివర్సిటీ దరఖాస్తు పన్నెండు పేజీలూ ఒక్క పూటలో నింపించాడు. తండ్రి వివరాల దగ్గర మాత్రం నాలుగు రోజులుగా బండి కదలడం లేదు. అక్కడ రెండే గడులు. జీవించి ఉన్నారు, మరణించారు.

“ఐదేళ్ళయిందమ్మా” అంది సుప్రియ.

“అయితే ఏంది? శవం చూసినావా నువ్వు?”

శవాన్ని ఆ జాలరుల పాళెంలో ఎవరూ చూడలేదు. ఐదేళ్ళ కిందట తుపాను హెచ్చరిక వచ్చినా లెక్కచెయ్యకుండా కామమ్మ మొగుడు పెంచలయ్య పడవ తీశాడు. వద్దు మొర్రో అంటున్న ముగ్గుర్ని వెంటబెట్టుకుని మరీ పోయాడు. సముద్రం ఎవరి సొమ్మూ ఉంచుకోదని, మూడోనాటికి ఒడ్డుకు తెచ్చి పడేస్తుందని అక్కడి నమ్మకం. మూడోనాటికి ఆ ముగ్గురూ శవాలై వచ్చారు. పెంచలయ్య రాలేదు.

శవం దొరకనివాడికి గడ్డిబొమ్మ చేసి కర్మ జరిపించడం పాళెంలో ఆనవాయితీ. పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా కామమ్మ ఒప్పుకోలేదు. మొగుళ్ళు పోయిన ముగ్గురాడవాళ్ళ ఎదుట బొట్టుతో, గాజులతో తిరిగేది. చూసేవాళ్ళకు కడుపు మండదూ? “వాడు గానీ బతికొచ్చుంటే నా చేత్తోనే చంపుండేదాన్ని” అనేది పిచ్చమ్మ. ఆమె మొగుడు ఆ ముగ్గురిలో ఒకడు.

దానికి తోడు ప్రతి గురువారం కామమ్మ ఒంటరిగా సరుగుడు తోటలోకి పోయేది. అక్కడ మాట్లాడుకునేది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. ఒకసారి సుప్రియ వెనకాలే వెళ్ళింది. చెట్లవతల అమ్మ, “అన్నం తిన్నావా?” అని అడుగుతోంది. తర్వాత ఊరుకుంది, ఎవరో జవాబు చెబుతుంటే విన్నట్టు. ఆ పిల్ల ఇంటికి పరుగెత్తి రెండు రోజులు జ్వరంతో వణికింది. ఆ తోట వైపు మళ్ళీ పోలేదు.

“కామమ్మా, మార్కులు చాలామందికి వస్తాయి” అన్నాడు సంజీవరావు. “ఆ యూనివర్సిటీలో వందమంది అడిగితే ముగ్గురికి కూడా సీటివ్వరు. ఈ పిల్లను నిలబెట్టేది తను రాసిన వ్యాసమే. అందులో నాన్న పోయాడని ఉంది. ఇక్కడ ఉన్నాడని పెడితే అబద్ధాలకోరని అవతల పారేస్తారు. అంతా నిజమేనని కింద మీరు సంతకం చెయ్యాలి. రేపే ఆఖరు.”

“అబద్ధానికి సంతకం పెట్టమంటారా? ఆ రాసిందే మార్చమనండి.”

“మార్చడానికి అది కథా?” అంది సుప్రియ.

“ఏం రాసినావు? తెలుగులో చెప్పు.”

సుప్రియ తెర వంక చూస్తూ మెల్లగా చెప్పింది. “తుపాను మాట మా నాన్న వినలేదు. జాలరి వినేటట్టు ఆ మాట ఎట్లా చెప్పాలో కనిపెట్టడానికే నేను చదవాలి. మా నాన్న వల్ల ముగ్గురు చచ్చిపోయారు. ఆ మూడిళ్ళ ముందు నుంచే రోజూ కాలేజీకి పోయాను. తలెత్తుకుని పోగలిగానంటే ఒకటే కారణం. ఆయన ఎవరినీ నడిసముద్రంలో వదిలేసి పారిపోలేదు. వాళ్ళతోపాటే మునిగాడు.”

కామమ్మ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

“ఆ చివరి మాట తీసేస్తే?”

“తీసేస్తే నేను ఎవరి ముందూ నిలబడలేనమ్మా. అక్కడైనా, ఇక్కడైనా.”

కామమ్మ కూతురి తల నిమిరింది. ఐదేళ్ళలో పిల్ల ఇంత పొడుగైందని అప్పుడే చూసినట్టు చూసింది. లేచి కొంగు దోపుకుంది.

“రేపు పొద్దున్నే గడ్డి తెమ్మని పెద్దోళ్ళకు చెప్పిరా” అంది.

మర్నాడు తెల్లారేసరికి పాళెమంతా ఒడ్డున చేరింది. గడ్డిబొమ్మకు పెంచలయ్య పాత చొక్కా తొడిగారు. సుప్రియే నిప్పు పెట్టింది. పదోనాడు చెయ్యాల్సినవి కూడా ఆ పూటే కానిచ్చారు. గాజులు పగలగొట్టడానికి పిచ్చమ్మ ముందుకొచ్చింది. ఒక్కో గాజు చిట్లుతుంటే కామమ్మ పళ్ళ బిగువున నిలబడింది. బొట్టు చెరిపేటప్పుడు మాత్రం పిచ్చమ్మే తట్టుకోలేక ఆమెను కావలించుకుంది.

“పోయినోడి మీద నాకింక పగేందక్కా. ఆ మనిషీ నా మొగుడితోనే పోయినాడు గదా” అని భోరుమంది.

అప్పుడు ఏడ్చింది కామమ్మ. పట్టుకున్న నలుగురికీ ఆగనంతగా ఏడ్చింది. ఇన్నాళ్ళకు నమ్మింది, ఇంక కోలుకుంటుందని ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు.

పదకొండింటికి సంజీవరావు వచ్చి రెండో గడి నొక్కాడు. కామమ్మ సంతకం చేసింది. దరఖాస్తు వెళ్ళిపోయింది. సుప్రియ అమ్మ బోసి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం కామమ్మ సరుగుడు తోట వైపు పోతుంటే సుప్రియ అడ్డం పోలేదు. భయం కూడా వెయ్యలేదు. ఆఖరిసారి చెప్పుకుని రానీలే అనుకుంది.

తోట నడుమ నిలబడి కామమ్మ అన్నీ చెప్పింది. గడ్డిబొమ్మ సంగతి, పిచ్చమ్మ ఏడ్చిన సంగతి, బిడ్డ రాసిన ఆఖరి మాట. ఇంక చెప్పడానికేం మిగల్లేదు.

“ఈ పొద్దు నీకు కర్మ చేసేసినాము, ఇంక నాకు ఫోన్ చెయ్యబాక” అంది.