మేనకోడలి మూడో కోరిక

"కత్తెర పెట్టి కోసెయ్యవే, పీడా పోతుంది!" వంటింట్లోంచి కేకేసింది బీబీనూర్.

"దీని చర్మం కాగితమంత పల్చనమ్మా. కత్తెర తగిలితే చీరుకుపోతుంది," అంది కూతురు అక్‌మరాల్, తలెత్తకుండానే.

పరీక్షలకని అక్‌మరాల్ పట్నంలో ఉన్న రెండు నెలలూ ఆ తెల్ల కుందేలుకి దువ్వెన పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. చెవుల వెనక, చంకల్లో పొడుగాటి బొచ్చంతా ఉండలు కట్టింది. అల్మాతీ నుంచి పొద్దున్నే కారులో దిగిన మేనత్త కూతురు కురలాయ్ దాన్ని ఒళ్ళో పట్టుకుంది. అక్‌మరాల్ ఒక్కో ఉండకీ మొక్కజొన్న పిండి అద్ది, మొదలు దగ్గర వేళ్ళతో అదిమిపట్టి, కొస నుంచి విడదీస్తోంది.

"పశువైద్యం కాలేజీలో సీటొచ్చిందటగా?" అడిగింది కురలాయ్.

"వచ్చింది వదినా. సోమవారం చేరాలి. ఆడపిల్ల గడప దాటడానికి వీల్లేదని నాన్న ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కాగితానికి తాళం వేశావు గానీ నా బుర్రకి వెయ్యలేవు అన్నాను. మూడు రోజులుగా మాటల్లేవు."

బీబీనూర్ టీ తెచ్చి మేనకోడల్ని ఎగాదిగా చూసింది. "ఈ కుందేలు సేవ ఊరికే కాదులే! చిన్నప్పుడు గుర్రప్పిల్లని తోలుకుపోయావు. పెళ్ళికి వెండి జీను పట్టుకుపోయావు. మూడో కోరికకి దీని మీద పడిందా కన్ను?"

"అడిగే హక్కుంది, అడుగుతా. నాకేం భయమా అత్తయ్యా?" అంది కురలాయ్.

మా వైపు మేనల్లుడైనా మేనకోడలైనా మేనమామ ఇంట్లో నచ్చినవి మూడుసార్లు అడిగి తీసుకోవచ్చు. కాదన్న మామకి చేతులు వణుకుతాయని నమ్మకం. ఎవరిమాటా వినని అక్‌మరాల్ తండ్రి తోరెఖాన్ కూడా దీనికి మాత్రం జడుస్తాడు.

సాయంత్రం తోరెఖాన్ ఇద్దరు పెద్దమనుషులతో వచ్చేసరికి కుందేలు దూదిలా పొంగి ఉంది.

"ఇది మనదేనా!" అన్నాడు తెల్లబోయి.

"మీ మేనకోడలికి కావాలట," మూతి తిప్పింది బీబీనూర్.

తోరెఖాన్ పడీపడీ నవ్వాడు. "ఓస్, ఇంతేనా! అడగవే, నసుగుడెందుకు? ఈ గేటు లోపల ఏది అడిగినా నీదే. మూడోది కూడా ఇచ్చేస్తే నీ బెడద వదులుతుంది."

"మాటేనా మామయ్యా?"

"పెద్దల ముందు చెబుతున్నా. మాటే!"

కురలాయ్ కుందేల్ని తీసి అత్తయ్య ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది.

"నాకు అక్‌మరాల్ కావాలి మామయ్యా."