తిట్లు తినే అమ్మాయి

"కవరు మీద ఊరి పేరు రాయకుండా పోస్టులో వేస్తే అది ఎక్కడికని పోతుందమ్మా? మీ అత్తగారింట్లో కూడా ఇలాగే వెలగబెడుతున్నావా?"

మేనేజరమ్మ గొంతు హాలు ఆ చివరిదాకా ఖంగుమంది. కొత్తమ్మాయి ఉద్యోగంలో చేరి పూట కూడా కాలేదు.

"లేదు మేడమ్. మా అత్తగారు చాలా మంచావిడ," అంది ఆ అమ్మాయి తల వంచుకుని.

మేడమ్ ఏదో అనబోయి, పెదాలు బిగించి, గిరుక్కున తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు ధడాలున మూసుకుంది. కొత్తమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

గుమ్మం దగ్గర కూర్చుని ఫోన్లు కలిపే ఆవిడ అది చూసింది. ఆఫీసంతా ఆవిణ్ణి అక్కయ్య అంటారు. ఆవిడే లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఏడవకమ్మా. ఆ మహాతల్లి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. ముఖాన నవ్వన్నది ఎరగం. మేం చాటుగా ఉరుము అని పిలుచుకుంటాం."

"ఉరుమా?" అంది కొత్తమ్మాయి. భుజాలు ఇంకా ఎక్కువగా అదిరాయి.

అది నీళ్ళ పంపులు అమ్మే కంపెనీ. హాలు మధ్యలో ఇనుప బీరువాల వరస. ఇటు బిల్లులవాళ్ళు, అటు రిపేర్లవాళ్ళు. రిపేర్లవాళ్ళు పెందలాడే ఇంటికి చెక్కేస్తున్నారని ఎవరో పాత మేనేజరు చెవిన వేశారు. ఎవరు వేశారో తేలలేదు. అప్పటినుంచీ బీరువాలకు అటూ ఇటూ మాటల్లేవు. ఏదైనా కావాలంటే ఒకే గదిలో ఉండి ఫోన్ చేసుకునేవాళ్ళు.

ఆ ఫోన్లు కలిపేది అక్కయ్యే. ఎటు కూర్చుంటే అటు మనిషినైపోతానని ఆవిడ మధ్యాహ్నం టెలిఫోను పక్కనే బాక్సు విప్పుకునేది. ఒక్కతే గోడకేసి చూస్తూ తినేది. అలవాటైపోయిందని అందరితో అనేది. అలవాటు కాలేదు.

కొత్తమ్మాయికి మాత్రం రోజూ అక్షింతలే. సంతకం వంకరగా ఉందని ఒకనాడు. నడిస్తే చెప్పులు చప్పుడవుతున్నాయని ఇంకోనాడు. చెప్పులు చప్పుడు కాకుండా నడిచొస్తే, దొంగలా వచ్చావేమిటని.

బిల్లుల సెక్షన్ పెద్దాయనను అందరూ కళ్ళజోడు అంటారు. ముందుగా ఆయన మనసే కరిగింది. కుర్చీ లాక్కుని వచ్చి, బిల్లు ఎలా రాస్తే ఉరుముకు వంక దొరకదో చూపించాడు. అది చూసి రిపేర్ల సెక్షన్ మీసాలాయన ఊరుకుంటాడా?

"బిల్లులవాళ్ళ దగ్గర నేర్చుకుంటే తిట్లు కాక దీవెనలొస్తాయా? ఇలా రామ్మా, నేను చెబుతాను."

ఆ అమ్మాయికి సాయం చేయడంలో ఇద్దరూ పోటీ పడ్డారు.

ఓ మధ్యాహ్నం ఆమె బాక్సు పట్టుకుని అక్కయ్య దగ్గరికొచ్చి నిలబడింది. "భోజనానికి అటువాళ్ళూ పిలిచారు, ఇటువాళ్ళూ పిలిచారు. ఎటు వెళ్ళను అక్కా?"

అక్కయ్య బీరువాలకు అటూ ఇటూ చూసింది. ఏ ధైర్యం పుట్టిందో ఏమో, "ఎటూ వద్దు. వాళ్ళనే ఇటు రమ్మందాం," అంది.

వచ్చారు. ముందు ఎవరి బాక్సు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. ఆ తర్వాత మీసాలాయన, మేడమ్ కళ్ళు ఉరిమి చూసే తీరు చేసి చూపించాడు. కళ్ళజోడుకు పొలమారింది. మీసాలాయనే వీపు నిమిరాడు. ఆ మర్నాటినుంచి అక్కయ్య టెలిఫోను చుట్టూ కుర్చీలు పట్టడం లేదు. పాత మేనేజరు చెవిన వేసిందెవరన్న ఊసే ఎవరికీ గుర్తు లేదు. మేడమ్‌ని ఆడిపోసుకోవడానికే టైము చాలడం లేదాయె.

అంతలో పిడుగు పడింది.

"ఇంకొక్క తప్పు జరిగిందంటే నిన్ను హెడ్డాఫీసుకు తిప్పి పంపేస్తాను. సాయంత్రం నా గదికి రా!" అంది మేడమ్ అందరి ముందూ.

భోజనాలు సయించలేదు. ఎవరో ఒకరు వెళ్ళి గట్టిగా మాట్లాడాలన్నారు. అందరూ ఆ మాటే అన్నారు. అని, కళ్ళజోడు తన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మీసాలాయన పైకప్పు కేసి చూశాడు.

"నేను వెళ్తాను," అంది అక్కయ్య.

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ 'హలో', 'లైన్లో ఉండండి' తప్ప పెద్దగా మాట్లాడి ఎరగని మనిషి. అందరూ నోళ్ళు తెరిచారు.

"నన్ను బదిలీ చేస్తే చేయనీ. ఆ పిల్ల వచ్చాకే కదా నేను నలుగురితో కలిసి అన్నం తింటున్నాను," అంది.

సాయంత్రమైంది. కొత్తమ్మాయి మేడమ్ గదిలోకి వెళ్ళి చాలాసేపైంది. మిగతావాళ్ళంతా బ్యాగులు భుజాన వేసుకుని బీరువాల దగ్గరే ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. అక్కయ్య ముఖం తుడుచుకుంది. 'చూడండి మేడమ్, మీకూ ఆడపిల్లలుండే ఉంటారు' అని మనసులో వల్లించుకుంటూ మేడమ్ గదివైపు నడిచింది.

తలుపు ఓరగా ఉంది. దాని మీద చెయ్యి వేయబోతుంటే లోపల్నుంచి ఆ అమ్మాయి గొంతు బతిమాలుతూ వినిపించింది.

"రేపు ఇంకాస్త గట్టిగా తిట్టండి అత్తయ్యా, మీ కోడలినని తెలిసిందంటే నా పక్కన కూర్చుని ఒక్కరూ అన్నం తినరు!"