బెంచీ మీది లైటు

"తలుపు మూయి ఆదెమ్మా, వెలుతురొస్తాంది!"

మధ్యాహ్నం మూడు గంటలకు గదిలో రాత్రి కావాలని రాజరత్నం కిటికీకి రెండు దుప్పట్లు కట్టాడు. రైలు పొగ కోసం పరిచిన దూది ఎగిరిపోతుందని ఫ్యాను కూడా ఆపేశాడు. ఆళ్లగడ్డ ఎండకు గది ఉడికిపోతోంది. ఆదెమ్మ మజ్జిగ గ్లాసు భర్త చేతికిచ్చి తలుపు మూసింది.

బల్ల మీద నంద్యాల రైల్వే స్టేషన్ ఉంది. ప్లాట్‌ఫారం మూరెడు పొడుగు, బేతంచెర్ల బండ ముక్కతో చేసింది. దాని పక్కన బొమ్మ రైలు. రేపు వాళ్ల పెళ్లిరోజు. చర్చివాళ్లూ చుట్టాలూ వస్తారు. స్నేహితుడు శాంసన్ స్విచ్ వేస్తాడు, రాజరత్నం ముప్పై ఆరేళ్ల కిందటి ఒక రాత్రి కథ చెబుతాడు. వచ్చేవాళ్లంతా వందసార్లు విన్న కథే. ఈసారి లైట్లతో వింటారు, అంతే తేడా.

ఫ్యూజు పోతే పక్కింటివాళ్లను పిలిచే రిటైర్డు లెక్కల మాస్టారు లైటింగుకు దిగితే ఏమవుతుందో అదే అయింది. మొదటి వారం తెల్ల బల్బులు ధగధగలాడాయి. "ఏంది సారూ, స్టేషన్ కడతాండావా, నగల అంగడి కడతాండావా?" అంది ఆదెమ్మ. రెండో వారం పొగ వచ్చింది, దూది పొగ కాదు, నిజం పొగే. చివరికి బల్బులకు పసుపు పూస్తే పాతకాలపు వెలుగు దిగింది. మూడు రోజులుగా ఇంట్లో పప్పు తెల్లగానే ఉంటోంది.

"ఇప్పుడు చూడు," అని స్విచ్ నొక్కాడు.

టీ అంగడిలో చిన్న దీపం వెలిగింది. దూరంగా సిగ్నల్ ఎర్రగా నిలిచింది. ప్లాట్‌ఫారం చివర, పెన్ను రీఫిల్లు స్తంభానికి, మాత్రల అట్ట గొడుగు కింద, అన్నిటికంటే నిండుగా ఒక లైటు. దాని కింద బెంచీ మీద తెల్లచొక్కా బొమ్మ. అది రాజరత్నం. పక్కనున్న అగ్గిపెట్టె ముక్క హార్మోనియం పెట్టె. అది శాంసన్‌ది, చూస్తుండమని అప్పజెప్పి అతను టీకి పోయాడు. ఆళ్లగడ్డకు రైలు లేదు కాబట్టి క్వయరు పిల్లలంతా ఆ రోజు బస్సులో నంద్యాల చేరి గుంటూరు బండి కోసం కాచుకున్నారు. మగపిల్లలందరికీ ఒకే తానులో కుట్టించిన తెల్లచొక్కాలు.

ఆదెమ్మ వంగి చూసింది. "బాగుండాది. అయితే బెంచీ మీది లైటు ఆ పొద్దు ఎలగలేదు."

"ఎలిగింది."

"మాడిపోయింది సారూ. నాకు బాగా గుర్తు."

రాజరత్నం స్విచ్ మీంచి చెయ్యి తీశాడు. తన సంగతి తనకు తెలుసు. క్లాసులో పిల్లల్ని నిద్రపుచ్చినవాడు. క్వయరులో పెదాలు కదిపితే చాలని చెప్పించుకున్నవాడు. ఏ ఫొటోలో చూసినా ఎవరి భుజం వెనకో సగం మొహమే. గొప్పగా చెప్పుకోవడానికి బతుకు మొత్తంలో ఒక్కటే ఉంది: ఆ రాత్రి ఇరవై మంది కుర్రాళ్లను వదిలి ఆదెమ్మ నేరుగా తన బెంచీకి వచ్చింది. తలెత్తకుండా, మాట్లాడకుండా కజ్జికాయల పొట్లం చేతిలో పెట్టి పక్కన కూర్చుంది. బండి వచ్చి ఇంజన్ వెలుగు మొహాల మీద పడగానే తనను చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పట్టుకుని వారం తిరక్కుండా అమ్మను పిల్లనడగడానికి పంపాడు. ఆ ఒక్కటీ లేకపోతే తాను ఉత్త సున్నా అని అతని గట్టి నమ్మకం.

"ఆ లైటు కింద నన్ను చూసే కదా నువ్వు వచ్చింది?" అన్నాడు.

"ల్యా. లైటు ల్యాకనే వస్తి."

సిగ్గుకు చీకటి చూసుకుని వచ్చిందని అర్థమై రాజరత్నం కరిగిపోయాడు. కథ ఇంకా బాగుంది! అయినా లెక్క తప్పని తెలిశాక బోర్డు మీద ఉంచే అలవాటు అతనికి లేదు. వారం రోజులు కష్టపడి వేసిన తీగను పీకేశాడు.

బెంచీ చీకటయింది. టీ అంగడి వెలుగు అంచు తాకి తెల్లచొక్కా, హార్మోనియం పెట్టె మాత్రం మసగ్గా కనిపిస్తున్నాయి. మొహం ఉన్నచోట ఏమీ లేదు. ఎంత బాగుందో అనుకుంటూ చాలాసేపు చూశాడు. తర్వాత లెక్కల మాస్టారికి ఒక అనుమానం వచ్చింది.

"అవునూ, ఇంత సీకట్లో నా మొకం ఎట్ల ఆనవాలు పడితివి?"

ఆదెమ్మ అచ్చం ఆ రాత్రి నవ్వినట్టే ఫక్కున నవ్వింది.

"శాంసన్ అనుకుంటి."