జపాన్ అత్త

గౌస్ కుట్టుమిషన్ తొక్కడం ఆపేశాడు.

ఎదురుగా స్టూలు మీద కామారెడ్డి ఖాజా కూర్చున్నాడు. చేతిలో వీడియో గేమ్ క్యాసెట్. డబ్బా మీద గౌస్ ఆటలో ఉండే అదే పిల్ల బొమ్మ, అదే ముసలిది. రాత మాత్రం జపాన్‌ది కాదు.

"గిది నీ ఆటనే గౌస్ భాయ్. వేరే దేశంల అమ్మేది, ఇంగ్లీషుది. నీ జపాన్ చదువు ఎంతనో ఇయ్యాల తేలిపోతది."

గౌస్ రెండేళ్ల కింద దుబాయి నుంచి ఎల్లారెడ్డికి తిరిగొస్తూ ఒక గేమ్ పెట్టె తెచ్చుకున్నాడు. దాంతో వచ్చింది ఒక్కటే క్యాసెట్. అందులో బొమ్మ మనుషులు నడుస్తారు, ఆగుతారు, మాట్లాడుకుంటారు. ఆ మాటలన్నీ జపాన్ రాతలో తెర మీద పడతాయి. తన టైలర్ షాపులో టీవీకి తగిలించిన మొదటి రోజే, జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన కమలవ్వ అడిగింది.

"గా పిల్ల ఏమంటున్నది బిడ్డా?"

తెల్వదు అంటే సరిపోయేది.

"దుబాయిల జపాన్ సేట్ దగ్గర పనిచేసిన గద అవ్వా, చదివి చెప్త," అనేశాడు గౌస్. నిజానికి ఆ సేటు కారు కడిగాడు, అంతే.

ఇక కథ ఆగలేదు. ఆ పిల్ల రాజు కూతురన్నాడు. ముసలిది అత్త అన్నాడు. అత్త కోడలి కళ్లలో కారం కొట్టి గుహలోకి తోసిందన్నాడు. గుహలో గబ్బిలాలు మీదపడితే, అవి ఆడబిడ్డలన్నాడు. కమలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నమైతే షాపులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. కథ కోసం నిజాంసాగర్ నుంచి కూడా జాకెట్లు కుట్టడానికి వచ్చేవి. కామారెడ్డిలో గేమ్ క్యాసెట్లు అమ్మే ఖాజాకు అదే కడుపుమంట.

ఖాజా తెచ్చిన క్యాసెట్ గౌస్ పెట్టెలో దూరలేదు. ఒక దేశం క్యాసెట్ ఇంకో దేశం పెట్టెకు పట్టదట. గౌస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఖాజా నవ్వి, జేబులోంచి రెండింటినీ కలిపే ముక్క తీశాడు. ప్రాణం మళ్లీ పోయింది.

"చదివేది ఎవరు?" అడిగాడు గౌస్.

"లిదియా టీచర్."

లిదియా బడిలో ఇంగ్లీషు చెప్తుంది. కఠినమైన మనిషి. ఎన్నడూ ఈ షాపు మెట్టెక్కలేదు. ఇప్పుడు వచ్చి, అద్దాలు సర్దుకుని, తెరను చాలాసేపు చూసింది. దుకాణం మూసి మళ్లీ దుబాయి పోవాల్సిందే అనుకున్నాడు గౌస్.

"ఈ పిల్ల రాజు కూతురు," అంది లిదియా.

గౌస్ తలెత్తాడు.

"ఈమె అత్త. కోడలి కండ్లల్ల కారం కొట్టింది."

"మరి గబ్బిలాలు?" ఖాజా గొంతు పీలగా వచ్చింది.

లిదియా ఇంకో రెండు లైన్లు కళ్లతో చదివింది. "ఆడబిడ్డలు."

షాపు ఈలలతో దద్దరిల్లింది. కమలవ్వ గౌస్‌కు దిష్టి తీసి మెటికలు విరిచింది. "మాఫ్ చెయ్ భాయ్," అని ఖాజా తల వంచుకుని బస్టాండు దారి పట్టాడు. తనకు నిజంగానే జపాన్ భాష వచ్చేమోనని గౌస్‌కు మొదటిసారి అనుమానం కలిగింది.

జనం పల్చబడ్డాక లిదియా గడప దగ్గర ఆగి గొంతు తగ్గించింది.

"అక్షరాలైతే ఇంగ్లీషువే గౌస్ భాయ్, భాష ఏ దేశందో నాకూ తెల్వదు, నా ఇజ్జత్ పోతదని, బడిల పిల్లలు రోజూ చెప్పే నీ కథనే అప్పజెప్పిన."