ఇద్దరివీ అవే కాగితాలు

దువ్వెన మళ్లీ చిక్కుకుంది.

"అబ్బా! మెల్లిగా నాన్నా!" అంది ధాత్రి.

"మన్నించమ్మా," అన్నారు చక్రధర్ గారు.

కాకినాడ కళాశాలలో దశాబ్దాల పాటు ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. ఎందరి వాక్యాలనో చక్కదిద్దిన ఆ చేతికి కూతురి ఉంగరాల జుట్టు మాత్రం లొంగడం లేదు. నెలలు నిండిన ధాత్రి చేతులు పైకెత్తితే ఆయాసపడుతోంది. భర్త సంజయ్ ఉత్తరాన చమురు క్షేత్రంలో డ్యూటీలో ఉన్నాడు. వారం గడిస్తే గాని కెనడాలోని ఈ ఎడ్మంటన్ ఇంటికి రాలేడు.

బల్ల మీద నిలబెట్టిన ఫోన్‌లో, కాకినాడ నుంచి ఆయన భార్య హైమావతి గారు నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"అది జుట్టండీ, గడ్డివామి కాదు. పైనుంచి అలా లాగేస్తే ఎలాగండీ? చివర్ల నుంచి రండి. పాయ తీసి, నూనె పట్టించి, అప్పుడు దువ్వండి."

"నువ్వే వచ్చి దువ్వుదువు గాని."

"నేను రానన్నానా? ఆ దొరలు రమ్మనాలి గదండీ!"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

హైమావతి గారికి మొదట విజిటర్ వీసాకు దరఖాస్తు చేశారు; కాదన్నారు. తరువాత, పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకని ప్రత్యేకంగా ఉన్న సూపర్ వీసాకు పెట్టారు, అదీ కాదన్నారు. మళ్లీ పెట్టారు. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే బ్యాంకు ఖాతా, ఒకటే వైద్య బీమా. ఇద్దరినీ పిలుస్తూ ఉత్తరం రాసింది ఒక్క కూతురే. ఆయనకు మొదటిసారికే వీసా వచ్చింది. "మీరు ముందెళ్లండి, నేను వెనకాలే వచ్చేస్తాను," అని ఆవిడే దగ్గరుండి సాగనంపారు.

ధాత్రి లాప్‌టాప్ టింగుమంది. ఆమె చదివింది. తెరను తండ్రి వైపు తిప్పింది.

గడువు ముగిశాక మీరు మీ దేశానికి తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని ఉంది అందులో.

చక్రధర్ గారు ఒకసారి పైకి, ఒకసారి మనసులో చదివారు. ఒకచోట కామా లోపించిందని గుర్తించగలిగారు. అంతకు మించి ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది.

తలుపు తట్టి పక్కింటి గోపీకృష్ణ లోపలికి వచ్చాడు. భార్య పంపిన పప్పుచారు గిన్నె చేతిలో ఉంది. ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్లీ రిజెక్టా, మాస్టారూ?"

"అవును."

"అదేంటండీ! మా అత్తగారికి నెల తిరక్కుండా వచ్చేసింది. ఫండ్స్ చూపించారా?"

"చూపించాం."

"ఇంటి పేపర్స్?"

"జతపరిచాం."

"పోనీ ట్రావెల్ హిస్టరీ?"

"పుట్టింటికే ముప్పయ్యేళ్లకు పైగా వెళ్లని మనిషి, గోపీకృష్ణ గారూ! కాకినాడ వదిలి వారం రోజులు ఉండనైనా ఉండదు. అటువంటి ఆవిడ ఇక్కడ దాక్కుని ఏం చేస్తుంది?"

"అదే రాయాల్సింది సార్!"

"అదే రాశాను. మూడు పేరాలు."

గోపీకృష్ణ బుర్ర గోక్కున్నాడు. "సార్‌కి వచ్చి ఆంటీకి రాకపోవడం ఏంటో, నాకైతే లాజిక్ అందట్లేదు. ఫొటోలో నవ్వారేమో! నవ్వితే తీసుకోరంట."

"ఆయ్, నవ్వలేదు బాబూ!" ఫోన్‌లోంచి గొంతు వినిపించింది. "పోలీసులు పట్టుకొచ్చినట్టే ఉంటాను అందులో."

చక్రధర్ గారు దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను ఒక్కొక్కటిగా తీస్తూ ఉండిపోయారు. తేడా ఎక్కడ వచ్చిందో ఆయనకు తెలుసు. చెప్పలేదు. గోపీకృష్ణ గిన్నె బల్ల మీద పెట్టి, కన్సల్టెంట్‌ను మార్చమని సలహా చెప్పి వెళ్లిపోయాడు.

"నాన్నా, డెలివరీకి అమ్మ రావడానికి ఇంకే కేటగిరీ లేదా?" అడిగింది ధాత్రి. "ఏదో ఒకటి ఉండే ఉంటుంది. చూడు."

ఆయనకు చూడనక్కరలేదు, అన్నీ కంఠస్థం. చదువుకు ఒకటి, ఉద్యోగానికి ఒకటి, వ్యాపారానికి వచ్చిపోయేవారికి ఒక దారి.

"ట్రాన్సిట్ వీసా ఉందమ్మా," అన్నారు. "విమానం మారడానికి."

అన్న తరువాత, ఎందుకన్నానా అని సిగ్గుపడ్డారు.

ధాత్రి ఉన్నట్టుండి నడుం పట్టుకుని ముందుకు వంగిపోయింది. దువ్వెన కింద పడింది. సగం అల్లిన జడ విడిపోయింది.

"ఏవండీ!" హైమావతి గారి గొంతులో వేళాకోళం మాయమైంది. "వెళ్లి ఆ అబ్బాయిని కారు తీయమనండి. ముందు నడుం కింద అరచేత్తో నొక్కండి. గట్టిగా. ఇంకా కిందకి. ఊపిరి వదలవే అమ్మా, బిగబట్టకు."

"నువ్వుంటే ఎంత బాగుండేది..."

"ఉంటే నేనే చేద్దును. లేనుగా! నొక్కండి."

ఆయన నొక్కారు. నొప్పి తగ్గగానే పరుగున వెళ్లి పక్కింటి తలుపు బాది వచ్చారు. వచ్చేసరికి తెర మీద హైమావతి గారు కొంగుతో కళ్లొత్తుకుంటున్నారు. భర్తను చూడగానే కొంగు వదిలేసి నవ్వబోయారు.

"నా దేశానికి తిరిగి వెళ్లనేమోనని వాళ్లకి అనుమానం అటండీ," అన్నారు. "నిజమే గదండీ. వెళ్లలేదుగా!"

ముప్పయ్యెనిమిదేళ్ల క్రితం ఈ మాస్టారి చేయి పట్టుకుని కాకినాడ వచ్చినప్పుడు పేరు మార్చుకుని, భాష మార్చుకుని, కట్టూ బొట్టూ మార్చుకున్న హైమావతి గారు, కన్నవాళ్ల గుర్తుగా మార్చుకోకుండా మిగుల్చుకున్నది ఒక్క నైజీరియా పాస్‌పోర్టునే.