జంపయ్య పేరున్న కాగితం

లెక్కలాయన మళ్లీ వస్తే కాళ్లు పట్టుకోవాలి. కొడుకు పేరు కొట్టేయొద్దని అడగాలి. కన్నమ్మ పొద్దుటి నుంచి గడపలో కూర్చుని ఇదే అనుకుంటోంది.

ఏడుపు రావడం లేదు. జంపయ్య పోయి పది రోజులైంది. ఏడవడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా, అదీ లేదు. అన్నం వండుతోంది. తినడం మరిచిపోతోంది.

పదిహేను రోజుల కింద, మిట్టమధ్యాహ్నం, ఆయన మొదటిసారి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. నిరుటి ఎండాకాలంలో గోడ మీద ఎవరో రాసిపోయిన నంబరును చూసి ఆగాడు.

"జనాభా లెక్కలు అవ్వా. భద్రాచలం నుంచి వచ్చిన. ఇంట్ల ఎంతమందున్నరు?"

"నేనొక్కదాన్నే సారూ."

"పిల్లలు?"

"లేరు."

ఆరేళ్లుగా నోటికి అలవాటైపోయిన మాట అది. జంపయ్య అన్నల్లో కలిసిన నాటి నుంచి పోలీసులు వచ్చి అడిగినా లేడు, ఫారెస్టు వాళ్లు అడిగినా లేడు. రేషన్ కార్డులో పేరు తీసేశారు. ఓటర్ల జాబితాలోనూ తీసేశారు. ఊళ్లోవాళ్లు ఆమె ముందు ఆ పేరెత్తడమే మానేశారు.

ఈయన మాత్రం గద్దించలేదు. మంచినీళ్లు అడిగి తాగాడు. నీడలో చతికిలబడి, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"భయపడకు అవ్వా. ఇందుల రాసింది పోలీసోళ్లు గూడ చూడొద్దు. కోర్టు అడిగినా చూపియ్యం. గది చట్టం. పదేండ్లకోసారి రాస్తం. ఇప్పుడు పేరు రాకుంటే ఇంక పదేండ్లు ఆ మనిషి ఈ దేశంల లేనట్టే."

లేనట్టే! అడవిలో తిరుగుతున్నాడు, దొరికిన పూట తింటున్నాడు, నిక్షేపంలా బతికే ఉన్నాడు. అటువంటి బిడ్డ లేనట్టేనా?

"ఇంటికాడ ఉండనోళ్లను గూడ రాస్తరా సారూ?"

"లెక్కల రోజులల్ల ఒక్క పూట వచ్చి పోయినా ఇంటోళ్ల కిందనే రాస్తం. వచ్చేటోళ్లెవరన్న ఉంటే చెప్పు."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"సోమారం వస్తడు. నన్ను చూసి పోతనని కబురు పంపిండు."

"పేరు?"

"జంపయ్య."

ఆరేళ్ల తర్వాత ఆ పేరు నోరారా పలికింది. ఎంత హాయిగా ఉందో! ఆయన అడక్కపోయినా మళ్లీ చెప్పింది. "జంపయ్య సారూ. నా కొడుకు. ఇరవయ్యారేండ్లు."

ఆయన రాసుకున్నాడు. కన్నమ్మకు చదువు రాదు. అయినా వంగి చూసింది.

"గిదేనా వాని పేరు?"

"అవ్, గిదే."

సిరా ఆరిందో లేదో, ఆ గీతల మీద వేలు పెట్టి తడుముకుంది. ఆయన లేస్తూ అన్నాడు. "రెండు వారాలకు మళ్లొస్తం. నడుమ ఎవరన్న పుట్టినా, పోయినా సరిచెయ్యాలె."

సోమవారం పొద్దుగుంకే వేళకు జంపయ్య వచ్చాడు. కోడికూర తిన్నాడు. తల్లి ఇచ్చిన బీడీకట్ట చూసి నవ్వాడు. తెల్లవారకముందే వెళ్లిపోయాడు. కాసేపటికి వాగు వైపు నుంచి తుపాకుల మోత వినిపించింది.

పేపర్లో 'గుర్తు తెలియని యువకుడు' అని వేశారు. కిరాణా కొట్టు చందూలాలే ఆ ముక్క చదివి వినిపించాడు. ఆ కొట్టు దగ్గరే ఊరి పెద్దలు ఆమెను ఆపారు. "నీ కొడుకని శవం కోసం పోతే ఊరంతటికీ చుట్టుకుంటది కన్నమ్మా. నోరు మూసుకొని ఉండు." ఆమె ఉండిపోయింది. శవాన్ని ఎక్కడ పూడ్చారో కూడా తెలియదు.

పోలీసులకు చందూలాలే చెప్పి ఉంటాడని ఆమె అనుమానం. ఏనాడూ బీడీ ముట్టని ముసలిదానికి ఆ సోమవారం బీడీకట్ట ఎందుకని లెక్కగట్టి ఉంటాడు. అయినా ఆయన్ను అని ఏం లాభం? కొన్నది తను. పాడు చేతులు, కొనకపోతే ఏం పోయింది! రోజుకు పదిసార్లు తన చేతుల్ని తనే తిట్టుకుంటోంది.

ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క కాగితం. ఫొటో లేదు, సమాధి లేదు, కార్డులో పేరు లేదు. జంపయ్య అనేవాడొకడు పుట్టాడని ఈ లోకంలో రాసి ఉన్నది అందులోనే. బతికే ఉన్నాడని బొంకుదామా అనుకుంది. మనసొప్పలేదు. అంత మర్యాదగా మాట్లాడి, బిడ్డ పేరు రాసుకున్న మనిషితో అబద్ధమా? జరిగింది చెప్పి బతిమాలుకోవడమే మేలు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సంచి వేసుకుని వచ్చాడొకాయన. ఆ సారు కాదు. ఊరి బడిలో పాఠాలు చెప్పే జకర్యా పంతులు. "జనాభా లెక్కలు పెద్దమ్మా" అన్నాడు.

కాగితాలు ఈయన చేతికి ఇచ్చి ఉంటారనుకుంది. చటుక్కున లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"పంతులూ, మీ కాగితంల నా జంపయ్య పేరు కొట్టెయ్యకండ్రి. సచ్చిపోయిండు, నేను అబద్ధమాడ. కానీ ఆ సారు వచ్చి రాసుకున్న నాడు బతికే ఉన్నడు. నాకింకేమొద్దు. ఆ ఒక్క పేరు ఉండనియ్యండ్రి."

జకర్యా తెల్లబోయాడు. సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. ఒక్కదాని మీదా ఒక్క గీత కూడా లేదు.

"ఎవరొచ్చి రాసుకున్నరు పెద్దమ్మా, జనాభా లెక్కలు దేశమంతట మొదలైందే ఈ పొద్దు, మన ఊరికి నన్ను తప్ప ఎవర్నీ ఎయ్యలేదు!"